మంగళవారం కోసిన గొర్రె

గోడవతల అత్త చెప్పిందట. ఆమెకు పాలు పోసే మనిషి చెప్పిందట. ఆ పాలమనిషికి కబేళా పక్కన టీ కొట్టువాడి మరదలు చెప్పిందట. గొర్రెలక్క తెలిసి తెలిసి రోగపు గొర్రెని కోతకు తోలుకొచ్చిందని, అది మూడు రోజులుగా గడ్డిపరక ముట్టలేదని, ముక్కులు కారుతుంటే పైటకొంగుతో తుడిచి మరీ నిలబెట్టిందని, దాన్ని ఒలిచిన పాపానికి కత్తి మామ పట్నం ఆసుపత్రిలో చిగుళ్లలోంచి నెత్తురు కారుతూ పడి ఉన్నాడని.

“పైటకొంగుతోనట,” అంది కాంపౌండరు భార్య, అంతా చెప్పాక ఆ ముక్క మళ్లీ విడిగా తీసి. టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, తను కూర్చోకుండా తలుపుకు ఆనుకుంది.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు పెరటి అరుగు మీద కూర్చుని రబ్బరు బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని పుల్లతో గోకుతున్నాడు. సోమవారం. ఎండ ఇంకా గోడ దిగలేదు గాని అప్పుడే వీపు తడుస్తోంది.

“ఎవరు చూశారట?”

“ఎవరో చూశారట.”

“ఆ ఎవరోకి పేరు లేదటా?”

“నన్నడిగితే? విన్నది చెప్పాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని ఊరుకుంది. ఊరుకున్నట్టే ఊరుకుని, “అవునూ, మీరు గీత గీయందే ఆ కబేళాలో కత్తి పడదు కదా. ఆ గొర్రెని మీరు చూడలేదూ?” అంది.

పుల్ల విరిగింది. ఆయన ఇంకో పుల్ల కోసం అటూ ఇటూ చూశాడు.

“రోజుకి ఎన్ని చూస్తాను. ఏ గొర్రెనని గుర్తు పెట్టుకోను.”

 ఎప్పుడో తమ్ముడి ఇంటికి పోతూ బస్సులోంచి, ఎవరి దొడ్లోనో కట్టేసిన దూడను చూసి, ఇది మన ఆసుపత్రిలో కాలు కట్టించుకున్న దూడ, అమ్మేసినట్టున్నారు అన్న మనిషి ఈయన. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆయనకు గుర్తుంది. అది పోయిన మంగళవారం కాదు, దాని ముందుది. మంగళవారాల్లో బేరాలు పలచన. ఆ రోజు కోతకు వచ్చింది ఒక్కటే గొర్రె. నల్ల మొహం, తెల్ల ఒళ్లు, ఎడమ చెవి అంచున చిన్న చీలిక. ముక్కు చెమ్మగా ఉంది. పెదవి తిప్పి, చిగురు మీద బొటనవేలు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు అనేలోగా ఎర్రబడింది. చెవి మొదట్లో వేడి లేదు. పది అడుగులు నడిపిస్తే పదీ సమంగా పడ్డాయి. ఆగిన చోటే నెమరు మొదలెట్టింది. ఇంత నికార్సైన జీవాన్ని ఎందుకు తోలుకొచ్చావని అడిగాడు కూడా. రెండేళ్లుగా చూలు నిలవడం లేదన్నా, ఊరికే మేపలేక, అంది గొర్రెలక్క. దాని వీపు మీద నీలి రంగు కుంచెతో గీత లాగాడు. ఆ గీత పడిందంటే ఇక ఎవరూ మారు మాట అడగరు. కాంపౌండరు కన్ను అంటారు. రోడ్డుకి ఆ పక్క నడిచిపోయే గేదెని చూసి ఈ పక్క నుంచి దాని పొట్టలో ఏముందో చెప్పే కన్నని.

గొర్రె బాగుందని ఇప్పుడు అంటే, మరి కత్తి మామకు ఇది ఎక్కడిదంటారు. జబ్బు గొర్రెకి గీత గీశాడంటారు. ఆయన బూట్లు తొడుక్కున్నాడు. అవి మామూలు కంటే బిగుతుగా అనిపించాయి.

పశువుల ఆసుపత్రికి పోయే దారిలో బోరింగు దగ్గర నీళ్ల తొట్టి ఉంది. చుట్టుపక్కల జీవాలన్నిటికీ అదే తొట్టి. ఎండలు ముదిరాక వేరే చుక్క లేదు. ఆ పూట అక్కడ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ముందు గేదెలాయన. ఆయనకు పదహారు పాడి గేదెలు, ఊరికంతటికీ పాలు, అందువల్ల మాట కూడా. ఆయన చేతికర్ర అడ్డంగా పట్టుకుని ఉన్నాడు. కర్రకి ఇవతల గొర్రెలక్క, ఆమె వెనక మంద. గొర్రెలు మనుషుల్ని దాటి నీళ్ల వాసన వైపు తలలు చాచి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

“నీ మంద మూతి పెట్టిన తొట్టిలో మా గేదెలు మూతి పెట్టాలా?” అంటున్నాడు గేదెలాయన. “పాలు తాగేది పిల్లాజెల్లా. నా మెడకు ఉరి తగిలిస్తావా?”

“మా మందకు ఏమైంది మామా? చూడు, ఏదైనా మూలుగుతోందా? దగ్గుతోందా?”

“ఒకదాన్ని అంటగట్టావుగా, చాల్లేదా?” అన్నాడు పక్కనున్న మనిషి. అతను కత్తి మామకు తోడల్లుడు. రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

గొర్రెలక్కకు కాంపౌండరు కనబడ్డాడు. మొహం విప్పారింది. ఊళ్లో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఆమె మాత్రం ఈయన్ని అన్నా అంటుంది.

“అదుగో, అన్న వచ్చాడు. అన్నా, నువ్వే కదా చూసింది. పది అడుగులు నడిపించావు. ఎందుకమ్ముతున్నావని కూడా అడిగావు. చెప్పన్నా వీళ్లకి.”

అందరూ తిరిగి చూశారు. గేదెలాయన కర్ర కొంచెం దించాడు కూడా. ఒక్క మాట చాలు, పూర్తిగా దించేసేవాడే.

కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. “రేపు డాక్టరమ్మ వస్తోంది. రక్తం తీస్తారు. పట్నం పంపిస్తారు.” అక్కడితో ఆగితే బాగుండదనిపించి, “ఇవన్నీ మనం నోటితో చెప్పేవి కావమ్మా. రిపోర్టు రానీ,” అన్నాడు.

“రిపోర్టు సంగతి కాదన్నా. నువ్వు చూసిందే చెప్పమంటున్నా.”

“రానీమ్మా, రానీ. ఆదుర్దా ఎందుకు.”

కర్ర మళ్లీ పైకి లేచింది. ఆయన నడక ఆపకుండా సాగిపోయాడు. వెనక గొర్రెల అరుపులు చాలా దూరం వినిపించాయి. సాయంత్రానికి గోడవతల నుంచి ఇంకో ముక్క వచ్చింది: కాంపౌండరంతటివాడే కాదనలేకపోయాడట.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. జీపులోంచి ఐసు పెట్టె, గాజు గొట్టాల స్టాండు, గ్లౌజుల డబ్బా దింపించి, నేరుగా గొర్రెలక్క దొడ్డికి నడిచింది. ముళ్లకంచె, మధ్యలో రేకుల కప్పు, ఒక పక్క ఆమె ఉండే గది. ముప్పై ఎనిమిది జీవాలు. దొడ్డి ఊడ్చి ఉంది. మూల మూడు బిందెలు. మనుషుల బోరింగులో ఆమె బిందె పట్టుకుంటే ఇంకా ఎవరూ వద్దనలేదు. ఆ మూడు బిందెలే తెల్లవారుజామున మందంతటికీ పంచింది. తలా నాలుగు గుక్కలు వచ్చాయేమో.

పని మొదలైంది. కాంపౌండరు ఒక్కో గొర్రెని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, గడ్డం కింద చెయ్యి వేసి మెడ ఎత్తి పట్టుకోవాలి. డాక్టరమ్మ మెడ కింద ఉన్ని పాయ తీసి, బొటనవేలితో అదిమి, నరం ఉబ్బాక సూది దించుతుంది. ఎర్రగా గొట్టం నిండుతుంది. గొర్రెలక్క గొట్టం మీద అంటించే కాగితం మీద రాయడానికి ఆనవాలు చెబుతుంది. ఆమె గొర్రెలకు అంకెలు లేవు. “ఇది గయ్యాళిది. ఇది దాని కూతురు. ఇది కుంటిది. ఇది చీకట్లో పుట్టింది.” డాక్టరమ్మ మొదట నవ్వింది. తర్వాత అలాగే రాసుకుంది.

గ్లౌజులు వేసుకోమంటే కాంపౌండరుకి చేతులు తనవి కానట్టున్నాయి. ఉన్ని పట్టు దొరకడం లేదు. పన్నెండో గొర్రె దగ్గర గొర్రెలక్క ఊరికే ఉండలేక, దాని చెవి మడతలోంచి శనగ గింజంత పిడుదును పీకి రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి చిటుక్కుమనిపించింది. నెత్తురు చిమ్మింది.

“అయ్యో, చేత్తో నలపకమ్మా!” అని అరిచింది డాక్టరమ్మ.

“మరి దేంతో నలపాలమ్మా, కాలితోనా? అది చెవిలో ఉంది.”

కాంపౌండరు నవ్వు ఆపుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. సబ్బు తెప్పించి ఆమె చేతులు దగ్గరుండి కడిగించింది. ఒక పటకారు ఇచ్చి, పీకినవి గాజు సీసాలో వెయ్యమంది. గొర్రెలక్క పటకారును అటూ ఇటూ తిప్పి చూసి, “వెంట్రుకలు పీక్కునే దొరసానమ్మలది,” అని పనిలో పడింది. ఆ వారంలో ఆమె వేసిన ఆఖరి హాస్యం అదే.

ఎండ నడినెత్తికి వచ్చాక ముగ్గురూ రేకుల కింద కూర్చున్నారు. గొర్రెలక్క నీళ్ల కోసం బిందె పట్టుకుని పోయింది. డాక్టరమ్మ సీసాలో పాకుతున్న పిడుదుల్ని వెలుతురుకి పట్టి చూస్తూ అడిగింది.

“కత్తి మామ ఎలా ఒలుస్తాడు? చేతికి గాయాలేమైనా ఉన్నాయా?”

“గాయాలు లేని చెయ్యి ఆ పనిలో ఉండదు మేడం. పైగా తోలు లాగేటప్పుడు రెండు చేతులూ కావాలి కదా, కత్తి కింద పెడితే మట్టి అంటుతుందని ఇలా పెట్టుకుంటాడు,” అని కాంపౌండరు జేబులో పెన్ను తీసి పళ్ల మధ్య అడ్డంగా కరిచి చూపించాడు. “అందరూ అంతే. ఆ కత్తి వల్లే ఆయనకా పేరు.”

డాక్టరమ్మ ఆ పెన్ను వైపు కాసేపు చూసింది.

“ఆ గొర్రెని ముందు మీరే చూశారట కదా. ఎలా ఉంది?”

ఆయన పెన్ను తుడిచి జేబులో పెట్టుకున్నాడు. “బాగానే ఉన్నట్టుంది మేడం.”

“ఉన్నట్టుందా? ఉందా?”

“రెండు వారాలైంది. అంత ఖచ్చితంగా…”

“సరే,” అందామె. రాసుకునే పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండా మూసింది. “నాకొక అనుమానం ఉంది. పైనుంచి కాగితం వచ్చేదాకా నోరు విప్పకూడదు. మీరు కూడా ఎవరికీ ఏమీ చెప్పకండి.”

చెప్పవద్దన్న మాట ఆయనకు చల్లగా తగిలింది. ఇప్పుడు నోరు మూసుకోవడానికి పై అధికారి ఆజ్ఞ కూడా ఉంది. ఆ మధ్యాహ్నం గేదెలాయన గేదెల్లో ఎనిమిదింటికి, మేకల బేరగాడి మేకల్లో పదింటికి కూడా రక్తం తీశారు. మా వాటికెందుకని గేదెలాయన గొణిగాడు. పోల్చి చూడ్డానికి అంది డాక్టరమ్మ. చీకటి పడకముందే జీపు పెట్టెతో సహా పట్నం వెళ్లిపోయింది.

బుధవారం తెల్లవారగానే గొర్రెలక్క మందను వాగుకు తోలింది. వాగు కొండ అవతల ఉంది. అక్కడ ఇసుకలో చెలమ తవ్వుకుంటే నీళ్లు ఊరతాయి. పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. నిన్న పంచిన గుక్కెడు నీళ్లతో వాటికి ఇంకో రోజు గడవదని ఆమెకు తెలుసు. బోరింగులో మూడు బిందెలకు మించి పట్టుకుంటే రెండో రోజే ఎవరో ఒకరు లెక్కపెడతారనీ తెలుసు.

ఎండ వాలాక కాంపౌండరుకి కబురొచ్చింది. వాగు ఇంకా చేరకముందే కొండ దిగేచోట ఒక గొర్రె పడిపోయిందని, జనం పోగయ్యారని, గొర్రెలక్క తననే రమ్మంటోందని. ఆయన సైకిలు తోసుకుంటూ ఎక్కాడు. తొక్కే ఓపిక లేదు.

అది చూలు గొర్రె. నిన్న ఆయనే మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు, పొట్ట బరువని మెల్లగా పట్టుకున్నాడు. ఇప్పుడు పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. కనుపాపల మీద దుమ్ము వాలినా రెప్ప కొట్టడం లేదు. జనం పది బారల దూరంలో ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. గొర్రెలక్క దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగిలిన మంద కొండవాలు మీద ఎవరూ తోలేవాళ్లు లేక అక్కడక్కడే నిలబడిపోయింది.

కాంపౌండరు గ్లౌజులు వేసుకుని వంగాడు. మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి వదిలాడు. అది గుడ్డను చిటికెతో పట్టి లేపినట్టు అలాగే నిలబడిపోయింది, కిందికి దిగలేదు. చిగుళ్ల మీద వేలు పెడితే వేలికి అంటుకుంది, అంత పొడి. డొక్క మీద చెయ్యి వేశాడు. లోపల ఒక కదలిక తగిలింది. తర్వాత ఇంకో పక్క ఇంకొకటి. చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ కదలికలు పలచబడ్డాయి.

“దాహం అన్నా,” అంది గొర్రెలక్క. అడగడం కాదు. ఇద్దరికీ తెలిసిన మాటను మెల్లగా అనుకున్నట్టు అంది.

“అంటుకుంది, అంటుకుంది! అన్నిటికీ అంటుకుంది!” అన్నాడు వెనక నుంచి కత్తి మామ తోడల్లుడు. “రేపు ఇంకోటి పోతుంది చూడండి.”

“ఏం కాంపౌండరూ, అదే జబ్బేనా?” అని గేదెలాయన కేకేశాడు.

ఆయన లేచాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి. గ్లౌజులు తిరగేసి విప్పి, ఒకదానిలో ఒకటి కుక్కి, చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. అదంతా చెయ్యడానికి అవసరమైన దానికంటే ఎక్కువ సేపు పట్టింది. దాహం అనడానికి రెండు పెదాలు కదిపితే చాలు. కాని ఈ గొర్రెకి దాహమని తేల్చి చెప్పినవాణ్ని, ఆ గొర్రె సంగతి తేల్చవేమని అడగరూ?

“రిపోర్టు వస్తేగాని ఏమీ చెప్పలేం,” అన్నాడు.

గొర్రెలక్క తలెత్తి ఆయన్ని చూసింది. కోపం లేదు. బాగా తెలిసిన ఇంటికి వచ్చి తలుపు కొడితే లోపల ఎవరో కొత్తవాళ్లు తలుపు తీసినట్టు చూసింది. తర్వాత తల దించుకుని గొర్రె కనుపాపల మీది దుమ్మును కొంగుతో తుడిచింది. పైటకొంగుతో తుడవడం పది మందీ చూశారు. ఇక ఆ మాటకు సాక్షులు లేరని ఎవరూ అనలేరు.

గొర్రె ఊపిరి ఆగాక, లోతుగా గొయ్యి తియ్యాలన్నారు. తియ్యడానికి ఎవరూ రాలేదు. ఆమే తీసింది. కాంపౌండరు తన చేతనైనంత సున్నం ఆసుపత్రి నుంచి తెప్పించి ఇచ్చాడు. జబ్బుతో చచ్చినవాటికి చల్లే సున్నం. చల్లుతూంటే ఆయనకు ఆ సంగతి తట్టింది, కాని అప్పటికే సగం సంచి ఖాళీ అయింది.

ఇంటికొచ్చాక స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాడు. భార్య వడ్డిస్తూ, “గోడవతల అత్త అంటోంది,” అని మొదలెట్టింది.

“అననీ.”

“అది కాదు. చచ్చిన గొర్రె కడుపులో…”

“అననీ అన్నానా!”

పక్కింటిదాకా వినబడి ఉంటుంది. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి ఎదురుగా కూర్చుంది. “మీరు ఆ గొర్రెని చూశారు,” అంది నెమ్మదిగా. “నాకు సోమవారమే తెలుసు. చెప్పమని నేననను. చెప్పొద్దనీ అనను. నా మీద మాత్రం అరవకండి.”

ఆయన కంచంలో నీళ్లు పోసుకుని లేచాడు.

గురువారం కబేళాకు తొమ్మిది జీవాలు వచ్చాయి. కత్తి మామ లేకపోతే పని ఆగుతుందా? వేరే ఊరి నుంచి ఒక మనిషిని పిలిపించారు. అతను అప్పుడే గోడకు కట్టిన సానరాయి మీద కత్తి నూరుతున్నాడు. మేకల బేరగాడు తన మేకను ముందుకు నెట్టాడు. బాగా బలిసిన మేక, ఒళ్లు నిగనిగలాడుతోంది. కాంపౌండరు దాని ముక్కు చూశాడు. చెవి పట్టుకున్నాడు. చిగురు నొక్కాడు. నడిపించాడు. మళ్లీ వెనక్కి తెమ్మన్నాడు. మళ్లీ నడిపించాడు. అన్నీ బాగున్నాయి. ఆ మంగళవారం కూడా అన్నీ బాగున్నాయి. కుంచె రంగు డబ్బాలో ముంచి పైకి తీశాడు, చెయ్యి ముందుకు పోలేదు. రంగు బొట్లు బొట్లుగా బూటు మీద పడుతోంది.

“ఏం కాంపౌండరూ, పెళ్లిచూపులా? కట్నం తేలలేదా?” అన్నాడు బేరగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆయన గీత గీశాడు. గీత వంకరగా పడింది. కత్తి నూరేవాడు ఆ కత్తిని నాలుక తగలకుండా పళ్ల మధ్య కరిచి, చేతులు పంచెకు తుడుచుకుని మేక కోసం చెయ్యి చాచాడు.

“అది నోట్లో పెట్టుకోకయ్యా,” అన్నాడు కాంపౌండరు.

ఆ మనిషి కత్తి తీసి, “ఏం, విషమా?” అన్నాడు.

“ఏమో.”

“ఏమో అంటే ఎలా? నేను పుట్టినకాడ్నుంచి ఇలాగే,” అని మళ్లీ కరుచుకున్నాడు. కాంపౌండరు రెండో మేక దగ్గరికి పోయాడు. ఆ రోజు తొమ్మిదింటికీ గీత గీసేసరికి ఆయనకు తొంభై చూసినంత అలసట వచ్చింది.

శుక్రవారం ఉదయం జీపు వచ్చింది. డాక్టరమ్మ ఆసుపత్రి లోపలికి పోలేదు. బోరింగు దగ్గరే దిగి, అందర్నీ అక్కడికే రమ్మంది. గొర్రెలక్కకు ఆమే మనిషిని పంపింది. తొట్టి చుట్టూ పాతిక ముప్పై మంది చేరారు. కత్తి మామ తోడల్లుడు కూడా వచ్చాడు. మొహం తేటగా ఉంది. కత్తి మామ గండం గడిచిందని, రాత్రి గంజి తాగాడని, లేచి కూర్చోగానే మొదట అడిగింది నా కత్తి ఎవడు వాడుతున్నాడని అట, అది విని పెళ్లాం ఏడుస్తూ నవ్విందని, వచ్చినవాళ్లందరికీ ఒకటికి రెండుసార్లు చెబుతున్నాడు.

డాక్టరమ్మ కాగితాలు తెరిచింది.

“ఇది పిడుదుల వల్ల వచ్చే జ్వరం,” అంది. “పిడుదు కుట్టినప్పుడు కంటికి కనబడని పురుగొకటి గొర్రె ఒంట్లోకో గేదె ఒంట్లోకో పోతుంది. కొన్ని రోజులు, ఎక్కువలో ఎక్కువ వారం పది రోజులు, దాని నెత్తురులో తిరుగుతుంది. ఆ రోజుల్లో కూడా ఆ జీవం మేస్తుంది, నెమరేస్తుంది, పరిగెత్తుతుంది. పశువుకి ఏమీ కాదు. ఎవరు చూసినా, నేను చూసినా, తెలీదు. తర్వాత ఒంట్లో దానికి విరుగుడు తయారవుతుంది, పురుగు పోతుంది. వచ్చి పోయిందన్న గుర్తు మాత్రం నెత్తురులో మిగిలిపోతుంది. జబ్బు చేసేది మనిషికే. పిడుదు కుడితే, లేదా ఆ కొన్ని రోజుల్లో కోసిన జీవం పచ్చి నెత్తురు గాయానికో నోటికో తగిలితే.”

“మరి గొర్రెలక్క మంద?” అన్నాడు గేదెలాయన.

“ముప్పై ఎనిమిదింటిలో పంతొమ్మిదింటికి పాత గుర్తులున్నాయి. అంటే ఎప్పుడో వచ్చి పోయింది, ఇప్పుడు వాటివల్ల ఎవరికీ భయం లేదు. రెండింటి నెత్తురులో మాత్రం ఇంకా తిరుగుతోంది. రెండూ మందలోకెల్లా బలిసినవి. అవి పది రోజులు దొడ్డి దాటకూడదు, కోతకు రాకూడదు, అంతే. మొన్న చచ్చిన గొర్రెకి పాతదీ లేదు, కొత్తదీ లేదు.” ఆమె ఇంకో కాగితం తీసింది. “మేకల్లో ఆరింటికి గుర్తులున్నాయి. మీ గేదెలు ఎనిమిదింటిలో ఐదింటికి.”

గేదెలాయన ముందుకు తోసుకొచ్చాడు. “మా వాటికా? అవి దుక్కల్లా ఉన్నాయే!”

“అదే చెబుతున్నాను. అన్నీ దుక్కల్లాగే ఉంటాయి. ఈ ఊళ్లో అది ఇవాళ వచ్చింది కాదు. తొట్టి వల్ల రాదు, నీళ్ల వల్ల రాదు. పాలు కాచి తాగండి. పిడుదుల్ని చేత్తో నలపకండి. కత్తి నోట్లో పెట్టుకోకండి. జీవాలకు మందు పిచికారీ రేపట్నించి నేనే దగ్గరుండి చేయిస్తాను.”

 ఎవరో దగ్గారు. గేదెలాయన తన చేతికర్రను రెండో చేతిలోకి మార్చుకున్నాడు, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

కాంపౌండరు లోపల ఏదో ముడి విడిపోయింది. ఎవరు చూసినా తెలీదు. నేను చూసినా తెలీదు. డాక్టరే అంది. ఐదు రోజులుగా మెడ మీద కూర్చున్న బరువు దిగి, ఆయన నాలుగడుగులు ముందుకు వేశాడు.

“నేను చెబుతాను వినండి,” అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా, బలంగా వినిపించింది. “ఆ మంగళవారం గొర్రెని చూసింది నేను. నల్ల మొహం, తెల్ల ఒళ్లు, ఎడమ చెవికి చీలిక. మూడు రోజులుగా మేత ముట్టలేదన్నారు, అంతా అబద్ధం. ముక్కు చెమ్మగా ఉంది. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. పది అడుగులు నడిపించాను, పదీ గుర్రంలా వేసింది. నా కళ్ల ముందే నెమరేసింది. ముక్కు కారడం లేదు, కొంగుతో తుడవడం లేదు. చూలు నిలవక అమ్ముకుంది, అంతే. గొర్రెలక్క తప్పు ఒక్క వెంట్రుకంత లేదు. ఏ దేవుడి ముందు చెప్పమన్నా చెబుతాను.”

మనుషులు కదిలారు. గాలి ఆడినట్టయింది. “అదీ మాట! కాంపౌండరు కన్ను కన్నే,” అన్నాడు మేకల బేరగాడు. “ఆయన చూశాక ఇంక తిరుగేముంది,” అన్నారు ఇంకెవరో. కత్తి మామ తోడల్లుడు నేలకేసి చూస్తూ, “కంగారులో ఏవో అనేస్తాం అక్కా, మనసులో పెట్టుకోకు,” అన్నాడు. గేదెలాయన పక్కకు జరిగి కర్రతో తొట్టి చూపించాడు. “ఇవాళే తోలుకురా. నా గేదెల్ని సాయంత్రం తోలుకుంటాలే. ముందు నీవే తాగనీ.”

గొర్రెలక్క నిలబడ్డ చోటే నిలబడి ఉంది. చేతుల మీద గొయ్యి తీసిన బొబ్బలు పగిలి ఎండాయి. కాంపౌండరు ఆమె వైపు తిరిగాడు. ఆ మొహం విప్పారుతుందని, సోమవారం ఆయన్ని చూసి విప్పారినట్టు విప్పారుతుందని చూశాడు.

“ఇంక నీకే దిగులూ లేదమ్మా,” అన్నాడు. “నీ గొర్రెకి ఏ జబ్బూ లేదని పది మందిలో చెప్పేశాను కదా.”

“చెప్పారు,” అంది గొర్రెలక్క. “సోమవారం కూడా మీకు తెలుసు కదా, కాంపౌండరు గారూ.”